బయటి గ్రిల్ ఈల ఆపడం: పికప్ ట్రక్కు పని డైరీ

బండి, గ్రిల్, చప్పుడు

పెద్ద సైజు పికప్ ట్రక్కు. కంపెనీతో వచ్చిన గ్రిల్ (బండి ముందు, రేడియేటర్‌కి గాలి వెళ్లే జాలీ) తీసేసి, బయట దొరికే గ్రిల్ బిగించి ఉంది. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ చట్రం, అందులో అడ్డంగా అయిదు పట్టీలు, మధ్యలో అక్షరాల ఆకారంలో కోసిన పలక, దాని వెనక స్టీలు మెష్ (తీగల వల), పై అంచున మూడు చిన్న పసుపు ఎల్ఈడీ దీపాలు. అమరిక బాగానే కుదిరింది. కానీ 70 కి.మీ. వేగం దాటగానే ముందు నుంచి ఈల మొదలై, 100 దగ్గరికి వచ్చేసరికి లోపల మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాల్సి వస్తోంది.

ఇలాంటప్పుడు చాలామంది ఒక రోల్ ఫోమ్ టేపు తెచ్చి కనిపించిన ప్రతి సందులో కుక్కేస్తారు. ఒక్కోసారి చప్పుడు తగ్గుతుంది. ఒక్కోసారి ఈల శ్రుతి మాత్రమే మారుతుంది. ఈలోగా రేడియేటర్‌కి వెళ్లాల్సిన గాలికి అడ్డం పడుతుంది. ఈ పనిలో పట్టుకున్న దారి వేరు: ఈల శ్రుతిని బట్టి అది ఏ భాగంలో పుడుతోందో లెక్కగట్టాలి, మాస్కింగ్ టేపుతో ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాతే దేన్నయినా అతికించాలి. ఎంత పెద్ద గ్రిల్‌లోనైనా నిజంగా కూసేవి రెండు మూడు అంచులే. మిగతా వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

ముందుగా: చప్పుడు గ్రిల్‌దేనా?

అద్దాలు, రూఫ్ ర్యాకు, యాంటెన్నా, ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు, అన్నీ ఈల వేయగలవు. క్యాబిన్‌లో కూర్చున్నవాళ్ల చెవికి అది ముందు నుంచి వస్తోందనే అనిపిస్తుంది తప్ప కచ్చితమైన చోటు తెలియదు.

చేసిన పరీక్షలు ఇవి. నునుపైన, తిన్నని రోడ్డు మీద 100లో వెళ్తూ యాక్సిలరేటర్ వదిలేయడం. ఇంజన్ ఆర్‌పీఎం మారినా ఈల బండి వేగంతోనే తగ్గుతూ వచ్చింది. కాబట్టి బెల్టు, టర్బో, ఫ్యాను లాంటివి కావు. తర్వాత అద్దాల అంచులకూ యాంటెన్నాకూ టేపు చుట్టి చూస్తే తేడా లేదు. చివరగా పాత గ్రిల్ పెట్టి అదే రోడ్డు మీద నడపడం. ఈల పూర్తిగా పోయింది. పాత గ్రిల్ దగ్గరుంటే ఈ పరీక్ష మానకూడదు. గంట పని, కానీ అనుమానమంతా ఒక్కసారిగా తీరిపోతుంది.

గాలి లేని రోజు చూసుకోవాలి. ఎదురుగాలి 20 కి.మీ. ఉంటే, స్పీడోమీటరు 80 చూపిస్తున్నా గ్రిల్‌కి తగిలే గాలి వేగం 100. అందుకే ప్రతి వేగంలోనూ ఒకే దారిలో అటూ ఇటూ రెండు వైపులా నడిపి, రెండు కొలతల సగటు తీసుకోవాలి.

శ్రుతి కొలవడం

ఫోనులో ధ్వని తరంగాల పౌనఃపున్యం చూపించే యాప్ చాలు. ఖరీదైన మైకు అక్కర్లేదు. కిటికీలు మూసి, ఏసీ ఫ్యాను ఆపి, ఫోను డ్యాష్‌బోర్డు మీద మెత్తటి గుడ్డ వేసి పెట్టాలి. కొలిచేది పక్కన కూర్చున్న మనిషి, నడిపే మనిషి కాదు. వచ్చిన కొలతలు:

80 కి.మీ. వేగంలో సుమారు 1,460 హెర్ట్జ్, 90లో 1,650, 100లో 1,830. ఇది మొదటి ఈల. సన్నగా, పదునుగా, వేగంతోపాటు పైకి ఎక్కుతూ.

రెండోది హోరు. 420 హెర్ట్జ్ దగ్గర, 85 నుంచి 95 వరకు మాత్రమే. ఈ మధ్యలో వేగం మారినా దాని శ్రుతి మారదు. పక్కగాలి తగిలితే ఇంకా గట్టిగా వస్తుంది.

మూడోది 105 దాటాక వచ్చే జుయ్‌మనే గరగర. దానికి శ్రుతంటూ ఒకటి లేదు.

చప్పుడు ఏ జాతిదో ఈ తేడాలే చెప్పేస్తాయి. వేగంతో పాటు శ్రుతి పెరిగితే, ఏదో అంచు వెనక గాలి సుడులు వరసగా తెగిపడుతున్నాయని అర్థం. వేగం మారినా శ్రుతి కదలకపోతే, ఏదో బోలు గొట్టమో పెట్టెలాంటి ఖాళీయో ఊదిన సీసాలా మోగుతోంది. శ్రుతి లేకుండా గరగరలాడితే వదులుగా ఉన్నదేదో కొట్టుకుంటోంది.

మొదటి దానికి లెక్క ఉంది. గాలిలో తీగలు ఎందుకు మోగుతాయో చెక్ శాస్త్రవేత్త విన్సెన్జ్ స్ట్రౌహాల్ 1878లో ప్రచురించిన ప్రయోగాల్లో కొలిచి చూపించాడు. గాలి వేగాన్ని (సెకనుకు మీటర్లలో) అడ్డుగా ఉన్న వస్తువు మందంతో (మీటర్లలో) భాగించి, 0.2తో గుణిస్తే శ్రుతి దాదాపుగా వస్తుంది. 100 కి.మీ. అంటే సెకనుకు 27.8 మీటర్లు. 3 మి.మీ. మందానికి 1,850 హెర్ట్జ్, 5 మి.మీ.కి 1,110, 1.5 మి.మీ.కి 3,700. మనకు వచ్చింది 1,830. అంటే 3 మి.మీ. మందం ఉన్నదేదో మోగుతోంది. గ్రిల్ మీద వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి చూస్తే అడ్డ పట్టీలు సరిగ్గా 3 మి.మీ. మెష్ తీగ 1.5 మి.మీ. దీపాల అంచు 6 మి.మీ. అనుమానం పట్టీల మీదికి పోయింది.

ఈ 0.2 అనేది గుండ్రటి కడ్డీకి బాగా సరిపోతుంది. చదును పట్టీలకు ఆకారాన్ని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. పైగా గ్రిల్ ముందు గాలి వేగం బండి వేగమంతే ఉండదు: మధ్యలో నెమ్మదిస్తుంది, అంచుల దగ్గర పెరుగుతుంది. కాబట్టి వెతకాల్సిన చోట్లను కుదించుకోవడానికి ఈ లెక్క చాలు, తీర్పు చెప్పేది మాత్రం టేపే.

ఇంకో మాట. ఇలాంటి అంచు చప్పుడు శక్తి గాలి వేగానికి దాదాపు ఆరో ఘాతంలో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే 6 డెసిబెల్లు ఎక్కువ, 80 నుంచి 120కి వెళ్తే పదిన్నర. కాబట్టి 80లో చూసి 'పర్లేదు, తగ్గింది' అనుకోకూడదు. రోజూ వెళ్లే గరిష్ఠ వేగంలోనే చూడాలి, అదీ రోడ్డు అనుమతించే హద్దులోనే.

టేపు పరీక్ష

48 మి.మీ. మాస్కింగ్ టేపు, తక్కువ జిగురు రకం. గ్రిల్‌ని భాగాలుగా చేసి, ఒక్కొక్కటే మూసి, అదే రోడ్డు మీద అదే వేగంలో వినడం. పాటించిన నియమాలు:

ఏ పరీక్షలోనూ గ్రిల్ తెరిచిన భాగంలో మూడో వంతుకు మించి మూయలేదు. ఇంజన్ ఉష్ణోగ్రత ముల్లు మీదా, గేర్‌బాక్సు ఉష్ణోగ్రత చూపించే బండిలో దాని మీదా ఎప్పుడూ కన్ను ఉండాలి. అయిదారు నిమిషాల పరుగు చాలు.

ముందు భాగంలో రాడార్ సెన్సర్ ఉన్న బండ్లలో (ముందు వాహనం దూరాన్ని చూసి వేగం తగ్గించుకునేవి) ఆ సెన్సర్ ముందు ఏ టేపూ అతికించకూడదు. అల్యూమినియం టేపైతే మరీ ప్రమాదం, రాడార్‌కి అది గోడే.

టేపు కొస ఎప్పుడూ గాలికి ఎదురుగా లేవకుండా లోపలికి మడవాలి. లేచిన కొస తనే టపటపలాడి కొత్త చప్పుడు పుట్టిస్తుంది, పరీక్ష చెడిపోతుంది.

ఫలితాలు ఇలా వచ్చాయి. బానెట్ ముందు అంచుకీ గ్రిల్ పై అంచుకీ మధ్య సందు మూస్తే హోరు పోయింది, ఈల పోలేదు. అక్షరాల పలక మూస్తే ఏ తేడా లేదు. పై నుంచి రెండు, మూడు పట్టీల మధ్య ఖాళీలు మూస్తే ఈల దాదాపు పోయింది. నాలుగు, అయిదు పట్టీల దగ్గర ఏం చేసినా మార్పు లేదు. వాటి ముందు బంపర్ ఉంది, అక్కడికి చేరేసరికే గాలి చెదిరిపోతుంది. మొదటి పట్టీ బానెట్ అంచుకి దగ్గర, అక్కడ గాలి పైకి వాలుతుంది. శుభ్రమైన, తిన్నని గాలి తగిలేది రెండు, మూడు పట్టీలకే. మోగుతున్నవీ అవే.

ఇంకా ఖాయం చేసుకోవడానికి ఖాళీలు మూయకుండానే ఒక పరీక్ష ఉంది. దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాం. 20 మి.మీ. టేపు ముక్కలు కోసి, పట్టీ వెనక అంచు మీద మడిచి, 5 మి.మీ. బయటికి ఉండేలా అంటించాలి. ముక్కల మధ్య దూరాలు సమానంగా ఉండకూడదు: ఒకచోట 30 మి.మీ., ఇంకోచోట 55, మరోచోట 40. గాలి ప్రవాహం ఏమీ ఆగదు, అంచు మాత్రం తెగిపోయినట్టవుతుంది. ఈ ముక్కలతోనే ఈల మాయమైతే దోషి ఆ అంచే. ఇక్కడ రెండు పట్టీలకూ ముక్కలు అంటించగానే 1,830 హెర్ట్జ్ శిఖరం యాప్‌లో మామూలు గాలి హోరులో కలిసిపోయింది.

గ్రిల్ విప్పడం

హెడ్‌ల్యాంపుల అంచులకూ బంపర్ పై అంచుకూ ముందుగా టేపు వేస్తే గీతలు పడవు. దీపాల వైరు ఉంది కాబట్టి బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. బానెట్ ఎత్తి, పైనున్న ప్లాస్టిక్ పిన్నుల మధ్య భాగాన్ని ఎత్తాక పిన్ను మొత్తం లాగాలి. మధ్యది ఎత్తకుండా లాగితే రెక్కలు విరిగిపోతాయి. ఈ గ్రిల్‌కి పైన 10 మి.మీ. సాకెట్ పట్టే బోల్టులున్నాయి, కింద బిగించే క్లిప్పులున్నాయి. పై భాగం వదులయ్యాక గ్రిల్‌ని పైకి లాగకుండా, ఒక్కో క్లిప్పు దగ్గరా చెయ్యి పెట్టి తిన్నగా ముందుకి లాగాలి. కొన్ని బండ్లలో ముందు కెమెరా వైరు, దాని నీళ్ల పైపు కూడా గ్రిల్‌కే ఉంటాయి. అవి చూసుకోకుండా లాగకూడదు. తీసిన గ్రిల్‌ని దుప్పటి మీద బోర్లా పెట్టాలి.

పని బల్ల మీదికి వచ్చాక మరికొన్ని బయటపడ్డాయి. చట్రం రెండు పక్కల నిలువు స్తంభాలు బోలువి. 20 సెం.మీ. పొడవు, పై మూతి తెరిచి, కింద మూసి ఉంది. మెష్‌ని పట్టే చెవులు కొన్ని వదులుగా ఉన్నాయి. దీపాల వైరు ఒకచోట కట్టకుండా వేలాడుతోంది. పాత గ్రిల్‌కి రెండు పక్కలా ఉన్న రబ్బరు రెక్కలు (గాలిని రేడియేటర్ వైపు నడిపించేవి) కొత్తదానికి లేవు.

బోలు స్తంభాన్ని చూడగానే 420 హెర్ట్జ్ గుర్తొచ్చింది. ఒక పక్క మూసిన గొట్టం మోగే శ్రుతి లెక్క సులువు: శబ్దవేగం 343ని పొడవుకి నాలుగింతలతో భాగించాలి. 20 సెం.మీ.కి 343ని 0.8తో భాగిస్తే 429. మూతి దగ్గర గాలి కాస్త బయటి వరకూ ఊగుతుంది కాబట్టి అసలు విలువ దానికంటే కొంచెం తక్కువే వస్తుంది. బానెట్ సందులోంచి దూసుకొచ్చే గాలి ఈ మూతి మీదుగా పోతోంది. సందు మూస్తే హోరు ఎందుకు ఆగిందో దీంతో తేలిపోయింది.

స్తంభాలు, బానెట్ సందు

స్తంభం మూతిలో మూసిన కణాల (నీళ్లు పీల్చని) ఈపీడీఎం రబ్బరు ఫోమ్ బిరడా. మూతి లోపలి కొలతకంటే ప్రతి వైపూ 2–3 మి.మీ. పెద్దగా, 30 మి.మీ. లోతుగా కోసి, పైకి కనిపించకుండా 5 మి.మీ. లోపలికి దూర్చాం. ఫోమ్ చుట్టూ సన్నగా న్యూట్రల్ సిలికోన్ (పుల్లటి వాసన రాని రకం). స్తంభం అడుగున 4 మి.మీ. రంధ్రం ఒకటి వేయాలి. లేకపోతే చేరిన నీరు ఎటూ పోదు.

ఫోమ్ సంగతి ఇక్కడే చెప్పాలి. స్పాంజిలా నీళ్లు పీల్చే తెరిచిన కణాల ఫోమ్ వద్దు. నీరు పట్టి, మట్టి పట్టి, కుళ్లి రాలిపోతుంది. కిటికీలకు వాడే చవక పీవీసీ ఫోమ్ రేడియేటర్ వేడికి అణిగిపోయి మళ్లీ లేవదు. డబ్బాలోంచి ఉబ్బే పాలీయురేథేన్ ఫోమ్ మరీ చెడ్డది: ఉబ్బుతూ ప్లాస్టిక్‌ని తోస్తుంది, క్లిప్పుల వరస తప్పిస్తుంది, తర్వాత తీయాలంటే చెక్కాలి. ఈపీడీఎం లేదా నియోప్రీన్, మూసిన కణాలది మాత్రమే.

స్తంభాలు మూశాక బానెట్ సందుకి సీల్ కావాలా అనే ప్రశ్న వచ్చింది. హోరు ఆగింది కదా అని వదిలేయొచ్చు. కానీ ఆ సందులోంచి పోయే గాలి రేడియేటర్‌కి పనికిరాకుండా పైకి పోతోంది, పక్కగాలిలో చిన్న సవ్వడి కూడా మిగిలింది. అందుకే సీల్ వేయడమే మంచిదనుకున్నాం.

సీల్ మందం కళ్లతో చూసి తేల్చేది కాదు. పిల్లలు ఆడుకునే మెత్తటి మోడలింగ్ మట్టిని చిన్న ఉండలు చేసి, పల్చటి ప్లాస్టిక్ కవరులో చుట్టి, గ్రిల్ పై అంచు పొడవునా 15 సెం.మీ.కి ఒకటి చొప్పున పెట్టాలి. బానెట్ పూర్తిగా మూసి, తెరిచి, నలిగిన ఉండ మందం వెర్నియర్‌తో కొలవాలి. ఈ బండిలో మధ్యలో 7 మి.మీ., ఎడమ కొసన 4, కుడి కొసన 9. ఒకే మందం పట్టీ పొడవునా వేసి ఉంటే ఎడమవైపు బానెట్ లేచేది, కుడివైపు అసలు తగిలేది కాదు.

సీల్ మూసినప్పుడు తన మందంలో 25 నుంచి 40 శాతం అణగాలి. అందుకని మధ్యలో 10 మి.మీ. బోలు డి-ఆకారపు రబ్బరు బీడింగ్, ఎడమ కొసన 6 మి.మీ. ఫోమ్ పట్టీ, కుడి కొసన 12 మి.మీ. డి-బీడింగ్. కలిసే చోట 45 డిగ్రీల వాలులో కోసి అతికించాం. తిన్నగా కోసి పక్కపక్కన పెడితే అతుకు దగ్గర మిగిలే చిన్న చీలికే మళ్లీ ఈల వేస్తుంది. 40 శాతానికి మించి అణిగేలా మందం పెడితే బానెట్ మొదటి కొండీ దగ్గరే ఆగిపోతుంది, గట్టిగా నొక్కి మూస్తే ఆ బలమంతా గ్రిల్ క్లిప్పుల మీద పడి అవి విరుగుతాయి. మూశాక బానెట్ రెండు అంచులూ ఫెండర్లతో సమంగా ఉన్నాయో చూడాలి, కొండీ (లాచ్) రెండో దశలో పడిందో లేదో లాగి చూడాలి. ఇది చప్పుడు విషయం కాదు, ప్రాణం విషయం.

జిగురు: ఈపీడీఎం రబ్బరుకి మామూలు డబుల్ సైడ్ టేపు సరిగా పట్టదు. తయారీలోనే టేపు అంటించి వచ్చే బీడింగ్ కొనడం ఉత్తమం. గ్రిల్ వైపు ఏబీఎస్ ప్లాస్టిక్ కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి తుడిస్తే చాలు. అసిటోన్, థిన్నర్ వాడితే ఏబీఎస్ కరిగి మెత్తబడుతుంది. గ్రిల్ పీపీ (పాలీప్రొపిలీన్) రకం ప్లాస్టిక్ అయితే ఆల్కహాల్ తర్వాత అడ్హెషన్ ప్రమోటర్ (జిగురు పట్టేలా చేసే ద్రావణం) కూడా రాయాలి. త్రీఎమ్ వీహెచ్‌బీ లాంటి ఆక్రిలిక్ ఫోమ్ టేపులకు నొక్కిన 20 నిమిషాల్లో సగం బలం, 24 గంటల్లో 90 శాతం, 72 గంటల్లో పూర్తి బలం వస్తుంది. 10 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు అంటించకూడదు. అంటించిన మూడు రోజుల వరకు బండిని ప్రెషర్ వాష్‌కి ఇవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అతికించే చోట అంతకుముందు టైరు మెరుపు ద్రావణమో సిలికోన్ పాలిషో పడి ఉంటే ఏ టేపూ నిలవదు. రెండు మూడుసార్లు శుభ్రమైన గుడ్డ మారుస్తూ తుడవాలి.

పట్టీలు

అసలు పని ఇదే. ఎక్కువమంది తప్పుదారి పట్టేదీ ఇక్కడే.

ముందుగా చూసింది, పట్టీ ముందు అంచుకి యు-ఆకారపు రబ్బరు ట్రిమ్ తొడగడం. 3 మి.మీ. పట్టీ దాంతో 7 మి.మీ. అయింది. ఈల పోలేదు, 100లో సుమారు 800 హెర్ట్జ్‌కి దిగింది. లెక్క ప్రకారం రావాల్సిందే: మందం పెరిగింది, శ్రుతి దిగింది. చెవికి కొంచెం తక్కువ చికాకు అనిపించొచ్చు గానీ జబ్బు అలాగే ఉంది. ట్రిమ్ తొడిగి 'ఈల మారింది కానీ పోలేదు' అని బాధపడేవాళ్లందరి సంగతీ ఇదే.

సుడులు తెగిపడేది వెనక అంచు దగ్గర. పట్టీ వెనక అంచు చదునుగా, పై మూలా కింది మూలా పదునుగా ఉంటే పైన ఒకటి కింద ఒకటి సమానంగా, లయగా తెగుతాయి. పట్టీ పొడవంతా ఒకేసారి తెగుతాయి కాబట్టే స్పష్టమైన స్వరం వస్తుంది. ఆపడానికి రెండు దారులు: పైకీ కిందికీ ఉన్న సమానత్వం పోగొట్టడం, లేదా పొడవునా ఉన్న ఐక్యత పోగొట్టడం. ఓడల ప్రొపెల్లర్లు కూడా ఇలాగే నీళ్లలో పాడతాయి. వాటికి చేసే వైద్యం వెనక అంచుని ఒక పక్కకి ఏటవాలుగా కోయడమే. గ్రిల్‌కీ అదే పని చేస్తుంది.

రెండు, మూడు పట్టీల వెనక అంచు కింది పక్కన 4 మి.మీ. వెడల్పున ఏటవాలు పెట్టాం, కొసన 1 మి.మీ. మందం మిగిలేలా. అంటే 25–30 డిగ్రీల వాలు. చదును చెక్కకి 120 నంబరు ఉప్పుకాగితం చుట్టి ఆకారం తెచ్చి, 240తో, ఆఖరున 400తో నునుపు చేయాలి. మాస్కు పెట్టుకోవాలి. కొస 1 మి.మీ. కంటే పల్చబడితే ప్లాస్టిక్ అల్లాడుతుంది, తర్వాత పగులుతుంది. వాలు కింది పక్కనే పెట్టడానికి కారణం కంటికి కనిపించకపోవడం తప్ప ఇంకోటి లేదు. పైన మ్యాట్ నలుపు ప్లాస్టిక్ పెయింటు సన్నగా రెండు పూతలు.

క్రోమ్ పూత ఉన్న పట్టీలకు ఉప్పుకాగితం పెట్టకూడదు. పూత పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చులు చెయ్యి కోస్తాయి, తర్వాత పూత మిగతా చోట్లా ఊడుతుంది. వాటికి ఫోమ్ ముక్కల దారే. 3 మి.మీ. మందం, 6 మి.మీ. వెడల్పు ఉన్న నల్ల ఫోమ్ టేపుని 15, 25, 40 మి.మీ. ముక్కలుగా కోసి, వెనక అంచు కింది పక్కన అసమాన దూరాల్లో అంటించాలి. టేపు పరీక్షలో పనిచేసిన ముక్కలకే ఇది శాశ్వత రూపం. సమాన దూరాల్లో వరసగా అంటిస్తే అంత ఫలితం ఉండదు. లయ చెడగొట్టడానికి వేసేవే ఇంకో లయ కాకూడదు.

వాలు పెట్టాక రెండో పట్టీ పూర్తిగా మౌనం. మూడోది 95 దగ్గర ఇంకా సన్నగా మోగింది, అదీ 92 నుంచి 100 వరకు శ్రుతి మారకుండా. ఇది వేరే లక్షణం. పట్టీ పొడవు 60 సెం.మీ., మధ్యలో ఆధారం లేదు. సుడుల లయ పట్టీ సహజ కంపనానికి దగ్గరైనప్పుడు పట్టీయే లయని పట్టుకుని లాగుతుంది, శ్రుతి కాసేపు అక్కడే నిలిచిపోతుంది. వేలితో పట్టీని మీటితే తేలిగ్గా ఊగింది. దీనికి మందు వెనకనుంచి ఒక నిలువు ఆధారం. 10 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం అల్యూమినియం పట్టీ ముక్కని రెండు, మూడు, నాలుగు పట్టీలను కలుపుతూ వెనక పక్కన ప్లాస్టిక్‌కి పట్టే ఎపాక్సీతో అంటించాం. ఒక కొస నుంచి 24 సెం.మీ. దగ్గర పెట్టాం, సరిగ్గా సగంలో కాదు. సగంలో పెడితే పట్టీ రెండు భాగాలుగా ఎదురెదురు దిశల్లో ఊగే కంపనానికి ఆ చోటు ఎలాగూ కదలని చోటే, కాబట్టి ఆ కంపనం ఆగదు. రాడార్ ఉన్న బండిలో దాని చూపుకి అడ్డం వచ్చే చోట లోహం పెట్టకూడదు. ఏబీఎస్ ముక్కే వాడాలి.

గుండ్రటి కడ్డీల గ్రిల్ ఉన్నవాళ్లకు ఈ వాలు పనికిరాదు. వాళ్లకి కారు యాంటెన్నాల మీద, పొగగొట్టాల మీద కనిపించే మెలి చుట్టు ఉంది. కడ్డీ వ్యాసంలో పదో వంతు మందం ఉన్న తీగని, వ్యాసానికి అయిదింతల దూరానికి ఒక చుట్టు చొప్పున చుట్టాలి. పొగగొట్టాలకు మూడు వరసలు వేస్తారు. 8 మి.మీ. కడ్డీకైతే 0.8 మి.మీ. నైలాన్ తీగ, 40 మి.మీ.కి ఒక చుట్టు, మూడు వరసలు. కొసల దగ్గర ఎపాక్సీ చుక్క.

మెష్, అక్షరాలు, వైరు

105 తర్వాత వచ్చే గరగర మెష్‌ది. బల్ల మీద మెష్‌ని పిడికిలితో తడితే వదులు చెవుల దగ్గర టిక్ టిక్ మంది. మెష్ తీసి, దాని అంచుకీ చట్రానికీ మధ్య 2 మి.మీ. ఫోమ్ టేపు వేసి, తిరిగి బిగించి, వెనక నుంచి 75 మి.మీ.కి ఒకటి చొప్పున 6–8 మి.మీ. సిలికోన్ చుక్కలు పెట్టాం. న్యూట్రల్ రకం సిలికోనే వాడాలి. పుల్లటి వాసన వచ్చే రకం స్టీలు మెష్‌ని తుప్పు పట్టిస్తుంది. చుక్క పైన గట్టిపడినా లోపల పచ్చిగా ఉంటుంది, రోజుకి 2–3 మి.మీ. లోతే గట్టిపడుతుంది. రెండు రోజులు ఆగి బండికి ఎక్కించాలి.

అక్షరాల పలక ఈ బండిలో చప్పుడు చేయలేదు. కానీ చాలా గ్రిల్స్‌లో అసలు దోషి అదే: అక్షరాల పలక వెనక 10–20 మి.మీ. దూరంలో రంధ్రాలున్న ఇంకో పలక ఉంటే, ముందు రంధ్రంలోంచి దూకిన గాలి వెనక రంధ్రం అంచుకి తగిలి మోగుతుంది. ముందు అంచుల్ని ఉప్పుకాగితంతో 1 మి.మీ. గుండ్రం చేసి, రెండు పలకల మధ్య అక్షరాల చుట్టూ ఫోమ్ వేస్తే సరిపోతుంది.

వేలాడే వైరుకి వైరింగ్ క్లాత్ టేపు చుట్టి, రెండు చోట్ల టై వేశాం. దీపాల కింద 3 మి.మీ. సందులో బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు టేపు). ఇవి చిన్నవే, మళ్లీ గ్రిల్ విప్పే పని లేకుండా ఇప్పుడే చేసుకోవాలి.

పక్క రెక్కలు

పాత గ్రిల్ రబ్బరు రెక్కలు కొత్తదానికి సరిపోలేదు. 2 మి.మీ. ఈపీడీఎం షీటు కోసి, చట్రం వెనక పక్క 100 మి.మీ.కి ఒక పుష్ క్లిప్పుతో బిగించాం. రేడియేటర్ ఫ్రేము మీద 15 మి.మీ. వరకు ఆనేలా. రెక్క తక్కువగా ఆనితే గాలికి టపటపలాడుతుంది, ఎక్కువైతే మడత పడి బయటికి తన్నుకొస్తుంది. దీనితో చప్పుడు కంటే చల్లదనానికే లాభం: గ్రిల్‌లోంచి వచ్చిన గాలి రేడియేటర్ పక్కల నుంచి జారిపోకుండా దానిలోంచే వెళ్తుంది. రేడియేటర్ ముందు గాలి తలుపులు తమంతట తాము తెరుచుకుని మూసుకునే బండ్లలో రెక్క వాటి కదలికకి తగలకుండా చూడాలి. గ్రిల్ అడుగున మాత్రం పూర్తి సీల్ వేయలేదు, నీరు కారడానికి మూడు చోట్ల 20 మి.మీ. ఖాళీ ఉంది.

ప్రస్తుత స్థితి

100లో 1,830 శిఖరం లేదు. 420 హోరు లేదు. 110 వరకు గరగర లేదు. మిగిలింది మామూలు గాలి సవ్వడి. బరువుతో ఎత్తు ఎక్కించి చూస్తే ఇంజన్ ఉష్ణోగ్రత ముల్లు పాత గ్రిల్ ఉన్నప్పటి చోటే నిలిచింది.

పక్కగాలిలో ఎడమ వైపు సన్నటి ఈల ఇంకా ఉంది. శ్రుతి 100లో 2,700 హెర్ట్జ్ దగ్గర, అంటే 2 మి.మీ. మందం. గ్రిల్‌లో ఆ మందం ఉన్నది గాలికి తగలదు. ఎడమ అద్దం కింద గట్టు 2 మి.మీ. ఉంది. తర్వాతి టేపు దానికే.

500 కి.మీ. తర్వాత చూడాల్సినవి: పై బోల్టుల బిగువు, ఎడమ కొస 6 మి.మీ. ఫోమ్ పూర్తిగా లేస్తోందా, అల్యూమినియం ఆధారం దగ్గర ఎపాక్సీలో చీలిక ఉందా, స్తంభాల అడుగు రంధ్రాల్లో మట్టి పేరుకుందా.